మీటింగుకు ముందే మొదలయ్యే మాట

మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దలు. పెళ్లిచూపుల నాడు ఆ మాట ఎంతవరకు నిజమో గానీ, ఆఫీసు మీటింగులో మాత్రం మౌనాన్ని సగం అంగీకారంగా ఎవరూ లెక్కవేయరు. పూర్తి అంగీకారమనే రాసేస్తారు. బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుంటే గంటసేపూ మాట్లాడేది నలుగురే. సాయంత్రానికి చేతికొచ్చే మినిట్స్‌లో మాత్రం ‘సభ్యులందరూ అంగీకరించారు’ అని ఉంటుంది. ఆ వాక్యం చదివి గతుక్కుమనే మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకరైనా ఉంటారు. విషయం తెలిసినవారు, పని చేతిలో ఉన్నవారు, తమ సీటు దగ్గరికి తిరిగొచ్చాక గానీ చెప్పాల్సిన మాట నోటికి రానివారు. మన పుదుచ్చేరి పట్టణంలో జిప్మర్ ఆసుపత్రిలో, కాలాపట్టు విశ్వవిద్యాలయంలో, మేట్టుపాళయం, సేదరాపట్టు ఫ్యాక్టరీల్లో, బ్యాంకుల్లో పనిచేసే తెలుగువారిలోనూ, యానాం నుంచి సమీక్షల కోసం ఇక్కడికి వచ్చే ఉద్యోగుల్లోనూ అలాంటివారు ఎందరో ఉన్నారు. ఈ ప్రసంగం వారికోసం. వారితో మీటింగులు నడిపే పెద్దలకోసం కూడా. నేను చెప్పదలచింది ఒకటే. మీటింగులో పలికే మంచి మాట మీటింగులో పుట్టదు, అంతకుముందే పుడుతుంది. కాబట్టి నెమ్మదస్తులు తమ స్వభావాన్ని మార్చుకోవాలని తంటాలు పడనక్కర్లేదు. ఆ మాటను ముందే సిద్ధం చేసుకుని, చేతిలో పట్టుకుని గదిలోకి వెళితే చాలు.

ముందుగా, ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకుందాం. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన గ్రంథంలో మనుషుల మనసు మొగ్గే దిక్కును బట్టి అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజనకు ప్రచారం తెచ్చాడు. అంతర్ముఖుడంటే పిరికివాడని కాదు, గర్విష్ఠి అని అసలే కాదు. ఆలోచన లోపల పూర్తయ్యాక గానీ మాటగా బయటికి రానివాడు, నలుగురి మధ్య ఎక్కువసేపు ఉంటే అలసిపోయేవాడు అని స్థూలంగా అర్థం. బహిర్ముఖుడు మాట్లాడుతూ ఆలోచిస్తాడు, అంతర్ముఖుడు ఆలోచించాక మాట్లాడతాడు. బిడియం వేరు. అందులో మాట్లాడాలనే ఉంటుంది గానీ నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు నోరు కట్టేస్తుంది. ఆ జంకు మరీ ముదిరి, మీటింగు అనగానే నిద్ర పట్టక, గుండె దడదడలాడి, సెలవు పెట్టి తప్పించుకునేదాకా వస్తే అది సలహాలతో తీరే విషయం కాదు. వైద్యుల దగ్గరికి వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడే వీలుంది. ఇక మన పట్టణంలో మూడో కారణం ఒకటుంది. ఇక్కడి మీటింగులు తమిళంలోనో ఇంగ్లీషులోనో, రెండూ కలగలిపో నడుస్తాయి. తెలుగులో ఆలోచించి, మరో భాషలోకి మార్చుకుని, వాక్యం కూర్చుకునేలోగా చర్చ రెండు మలుపులు తిరిగిపోతుంది. అలాంటివారిని చూసి ‘నోట్లో నాలుక లేదు’ అనుకోవడం అన్యాయం. కారణం స్వభావమైనా, భాషైనా, రెండింటికీ మందు ఒకటే: ముందస్తు తయారీ.

మీటింగు అనే ఏర్పాటులోనే నెమ్మదస్తులకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. 1950లలో అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బర్న్ ఒక పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. అందరూ ఒకచోట చేరి, ఎవరికి తోచింది వారు గబగబా చెప్పేస్తూ పోతే ఆలోచనలు పొంగిపొర్లుతాయన్నాడు. బ్రెయిన్‌స్టార్మింగ్ అంటే అదే. 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని పరీక్షకు పెట్టారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనలను, నలుగురు ఎవరికివారు విడిగా కూర్చుని ఇచ్చిన ఆలోచనల మొత్తంతో పోల్చి చూశారు. విడిగా ఆలోచించినవారివే ఎక్కువగా తేలాయి. ఎందుకలా అన్న ప్రశ్నకు 1987లో జర్మనీలో మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ ష్ట్రోబె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు జవాబు వెతికారు. వారు చూపిన ప్రధాన కారణం చాలా మామూలుది. ఒకసారికి ఒకరే మాట్లాడగలరు. ఆ ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావారు తమ ఆలోచనను మనసులో పట్టుకుని కూర్చోవాలి. అటు వినాలి, ఇటు తమది మరిచిపోకుండా చూసుకోవాలి. ఈ రెండింటి మధ్య ఆలోచన జారిపోతుంది. లేదా, వంతు వచ్చేసరికి దాని వేళ దాటిపోతుంది. గట్టిగా అడ్డువచ్చి మాట్లాడగలిగినవారికి ఈ నష్టం తక్కువ. తమ వంతు కోసం మర్యాదగా ఆగేవారికే ఎక్కువ. అంటే నెమ్మదస్తుడు మీటింగులో నష్టపోయేది ఆలోచన లేక కాదు. ఉన్న ఆలోచనను దాచిపెట్టుకునే చోటు లేక. ఆ చోటు ఒక కాగితం ముక్క ఇవ్వగలదు.

అయితే ఏమైంది, మాట్లాడేవారు మాట్లాడుతున్నారు కదా, పని జరుగుతోంది కదా అనవచ్చు. అలా జరిగే పనిలో లోపం ఎక్కడుందో 1985లో గ్యారాల్డ్ స్టాసర్, విలియం టైటస్ అనే అమెరికా పరిశోధకులు చూపించారు. ఒక బృందంలో కొంత సమాచారం అందరికీ తెలిసినదే ఉంటుంది. కొంత ఒక్కొక్కరికి మాత్రమే తెలిసినది ఉంటుంది. చర్చ మొదలైతే బృందం అందరికీ తెలిసిన దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక్కరికే తెలిసినది చాలావరకు బల్లమీదికి రాదు. దాంతో అసలు మంచి నిర్ణయం చేతికందకుండా పోతుంది. దీన్ని మన ఊరికి తెచ్చి చూద్దాం. సేదరాపట్టులో ఒక ఫ్యాక్టరీ ఉందనుకోండి. శుక్రవారం సాయంత్రం వెళ్లాల్సిన సరుకు ప్రతివారం ఆలస్యంగా బయలుదేరుతోంది. మీటింగులో అందరూ లారీల వాళ్లదే తప్పంటారు. లారీలు ఆలస్యం చేస్తాయన్నది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఆ మాట తేలిగ్గా నడుస్తుంది. గేటు రిజిస్టరు చూసిన ప్యాకింగ్ సూపర్‌వైజర్ ఒకామెకు మాత్రం అసలు విషయం తెలుసు. నాలుగు వారాల్లో మూడుసార్లు లారీ నాలుగింటికల్లా గేటు దగ్గరే ఉంది. పెట్టెల మీద అంటించాల్సిన లేబుళ్లే ఆరున్నర దాకా రాలేదు. ఆమె నోరు విప్పకపోతే కంపెనీ లారీల కాంట్రాక్టు మారుస్తుంది. ఆలస్యం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఒక నెమ్మదస్తురాలి మౌనం ఆమె సొంత వ్యవహారంగా ఆగిపోదని చెప్పడానికే ఈ ఉదాహరణ. ఇప్పుడు ఆమె మీటింగుకు ఎలా సిద్ధం కావాలో చూద్దాం.

దానికి ముందు ఈ పట్టణం చరిత్ర నుంచే ఒక సాక్ష్యం. 1910 ఏప్రిల్ 4న ఇక్కడికి వచ్చిన శ్రీఅరవిందులు, అంతకుముందు కలకత్తా రోజుల్లో బహిరంగ సభల్లో ప్రసంగాలు చేసినవారే. 1926 నవంబరు తర్వాత ఆయన తన గదులకే పరిమితమయ్యారు. ఏడాదిలో కొన్ని దర్శన దినాలు తప్పిస్తే బయటికి రాలేదు. అయినా ఆశ్రమంతో ఆయన సంబంధం తెగిపోలేదు. సాధకులు రాసి పంపిన ప్రశ్నలకు 1930లలో రాత్రుళ్లు కూర్చుని వేలకొద్దీ జవాబులు రాశారు. 1947 ఆగస్టులో తిరుచ్చి ఆకాశవాణి కేంద్రం స్వాతంత్ర్య దినానికి సందేశం కోరితే ఆయన రాసి ఇచ్చారు. ఆగస్టు 14న అది ప్రసారమైంది. మనకు మరీ దగ్గరైన ఘట్టం ఆ మరుసటి ఏడాదిది. కట్టమంచి రామలింగారెడ్డిగారు వైస్ చాన్సలర్‌గా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆయన పేరిటే ఉన్న జాతీయ బహుమతిని శ్రీఅరవిందులకు ప్రకటించింది. 1948 డిసెంబరు 11న స్నాతకోత్సవం. శ్రీఅరవిందులు వాల్తేరు వెళ్లలేదు. సందేశం రాసి పంపారు. ఆ సందేశంలో ఆయన తన గురించి చెప్పుకోలేదు. వినబోయేది ఆంధ్ర విశ్వవిద్యాలయం కాబట్టి, దానికి పనికొచ్చే విషయం ఏదని ఆలోచించి, భాషా ప్రాంతాల సంగతి, వాటి ప్రత్యేకతను కాపాడుకుంటూనే దేశం ఒక్కటిగా ఉండడమెలా అన్న సంగతి ఎత్తుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడని రోజులవి. మనిషి కదలకుండానే మాట ఆ సభకు చేరింది. అదీ ఆ సభకు కావలసిన మాట.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఆయనది యోగసాధన కోసం ఎంచుకున్న ఏకాంతం. బిడియమూ కాదు, ఆఫీసు మౌనమూ కాదు. పైగా అంతటి మనిషి ఒక కాగితం పంపితే ప్రపంచం నిలబడి వింటుంది. గుమాస్తా పంపితే ఎవరు చదువుతారు? నిజమే. నేను ఆయన స్వభావాన్ని ఉదాహరణగా చూపడం లేదు, పద్ధతిని చూపుతున్నాను. ఆ పద్ధతిలో గుమాస్తాకూ అందేవి మూడున్నాయి. వినేవారికి ఏం కావాలో ముందు ఆలోచించడం, ఒంటరిగా ఉన్న సమయంలో మాట రాసుకోవడం, అది సరైన రోజుకు సరైన చోట ఉండేలా చూడటం. పేరు ప్రతిష్ఠలు లేనివారికి ఇవి మరింత అవసరం. పెద్దమనిషి తడబడితే జనం సర్దుకుని వింటారు. చిన్న ఉద్యోగికి దొరికేది అర నిమిషమే. ఆ అర నిమిషంలో చెప్పాల్సింది ముందే తూచి పెట్టుకోకపోతే మొదటి తడబాటుకే అవకాశం చేజారుతుంది.

మన సూపర్‌వైజర్ విషయానికి వద్దాం. మీటింగు ఎల్లుండి ఉదయం పదింటికి. ఈ రాత్రి ఆమె ఒక తెల్లకాగితాన్ని సగానికి మడిచి, ఆ సగంలో మూడు మాటలు రాసుకోవాలి. మొదటిది, ఏం జరగాలి అన్నది, ఒక్క వాక్యంలో. ‘లేబుళ్ల ప్రింటింగు గురువారం సాయంత్రానికే పూర్తి కావాలి.’ రెండోది, ఎందుకు అన్నది, ఒక్క అంకెతో. ‘నాలుగు శుక్రవారాల్లో మూడుసార్లు లారీ నాలుగింటికే గేటు దగ్గర ఉంది, లేబుళ్లు ఆరున్నరకు వచ్చాయి.’ మూడోది, ఎవరు ఏమని అడ్డు చెబుతారు, దానికి జవాబేమిటి. ‘ఆర్డర్లు శుక్రవారం పొద్దున దాకా మారుతుంటాయి అంటారు. మారనివాటికి ముందురోజే ప్రింటు తీద్దాం, మారినవాటికి మాత్రం శుక్రవారం తీద్దాం.’ ఇంతే. ఇంతకుమించి రాస్తే అది నివేదిక అవుతుంది, బల్లమీద చదవడానికి పనికిరాదు. ఇవి ముందు తెలుగులోనే రాసుకోవాలి. మనసుకు దగ్గరైన భాషలో రాస్తేనే విషయం తేటగా ఉందో లేదో తెలుస్తుంది. ఆ తర్వాత మొదటి వాక్యాన్ని మాత్రం మీటింగు జరిగే భాషలోకి, తమిళమైతే తమిళంలోకి, పక్క సీటు స్నేహితురాలినో స్నేహితుడినో అడిగైనా మార్చుకుని, నోటికి వచ్చేదాకా నాలుగైదుసార్లు పైకి అనుకోవాలి. మనసులో అనుకుంటే చాలదు, నోటితో పలకాలి. కాగితం మీద నునుపుగా కనిపించే వాక్యం నాలుక మీద ఎక్కడ తట్టుకుంటుందో పలికితేనే తెలుస్తుంది. సాయంత్రం ఆరు దాటితే మన బీచ్ రోడ్డులో వాహనాలు తిరగవు. గాంధీ విగ్రహం నుంచి డూప్లే విగ్రహం దాకా నడుస్తూ ఆ ఒక్క వాక్యం పలుకుకుంటే అలల హోరులో ఎవరికీ వినపడదు.

రెండో మెట్టు, మీటింగు కన్నా ముందే ఒక్కరితోనైనా మాట్లాడటం. అంతర్ముఖులకు పదిమందిలో మాట్లాడటం కష్టమే గానీ ఒకరితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం చాలామందికి తేలికే, కొందరికి ఇష్టం కూడా. మీటింగు పిలిచినవారి దగ్గరికి వెళ్లి ‘రేపటి అజెండాలో లారీల విషయం ఉంది కదండీ, గేటు రిజిస్టరు నుంచి నాలుగు వారాల వేళలు తీసి పెట్టాను, రెండు నిమిషాలు నాకివ్వండి’ అని అడగటంలో తప్పేముంది? అడగందే అమ్మైనా పెట్టదు. అలా అడిగాక అధికారే మీటింగులో పేరు పెట్టి పిలుస్తారు. మాటల మధ్య దూరే కష్టం తప్పుతుంది. ఇది చాటుమాటు వ్యవహారం, పైరవీ అని కొందరంటారు. ఆ శంకకు జవాబు చెప్పుకోవాల్సిందే. చాటున నిర్ణయం చేయించుకుని మీటింగును తంతుగా మార్చడం పైరవీ. బహిరంగంగా చెప్పబోయేదే ముందుగా తెలియజేసి, చెప్పడానికి సమయం అడగటం మర్యాద. రెండింటికీ గీత స్పష్టంగా ఉంది. ముందు చెప్పిన ప్రతి మాటనూ అందరి ఎదుటా మళ్లీ చెప్పగలరా? చెప్పగలిగితే అందులో దాపరికం లేదు. లేబుళ్లు చూసే సహోద్యోగికి కూడా ఆమె ముందే ఒక మాట చెప్పాలి. నలుగురిలో తనమీద నేరం మోపినట్టు వినిపిస్తే ఆయన ఎదురు తిరుగుతాడు. ముందురోజు ‘ప్రింటింగుకు మీకేం అడ్డొస్తోంది అన్నా’ అని అడిగితే, అడ్డు చెప్పే మనిషే అండగా నిలిచే అవకాశం ఉంది.

మూడో మెట్టు గదిలోపల. మొదటి పది నిమిషాల్లోనే ఏదో ఒకటి పలకాలి. పెద్ద మాటే కానక్కర్లేదు. ఒక ప్రశ్న, ఒక వివరం, ‘ఈ లెక్క ఏ నెలదండీ’ అన్నంత చిన్నదైనా చాలు. ఆలస్యమయ్యేకొద్దీ మొదటి మాట బరువెక్కుతుంది. నలభై నిమిషాలు ఊరుకున్న మనిషి నోరు తెరిస్తే ఏదో గొప్ప సంగతి రాబోతోందని అందరూ తలలు తిప్పుతారు, ఆ చూపులకే సగం ధైర్యం జారిపోతుంది. మధ్యలో ఎవరైనా మాట అందుకుపోతే కోపం అక్కర్లేదు, తగ్గిపోనూ అక్కర్లేదు. ‘సార్, నా రెండో మాట మిగిలింది, అది చెప్పి ఆపేస్తాను’ అంటే చాలు. ఆ వాక్యం కూడా ముందే అలవాటు చేసుకుని ఉంచుకోవాలి. భాష తడబడుతుందన్న భయం ఉంటే కాగితం చూసే చెప్పవచ్చు. ‘అంకెలు తప్పిపోకూడదని చూసి చదువుతున్నాను’ అంటే అది నామోషీ కాదు, పని మీద శ్రద్ధ. యానాం నుంచి వీడియోలో చేరేవారికి ఇంకొక సౌకర్యం ఉంది. తెర పక్కన రాసి పంపే చోట ముందే సిద్ధం చేసుకున్న మొదటి వాక్యాన్ని పెట్టేయవచ్చు. నోటి మాట మధ్యలో తెగిపోయినా ఆ రాత అందరి కళ్ల ముందూ ఉంటుంది.

ఇంత తయారీ ఉంటే మాట చిలకపలుకులా ఉండదా, అనుకోని ప్రశ్న వస్తే ఏం చేస్తారు అన్నది మరొక అభ్యంతరం. సంగీతం తెలిసినవారికి దీని జవాబు తెలుసు. కచేరీలో అప్పటికప్పుడు స్వరకల్పన చేసే విద్వాంసుడు వెనక ఏళ్లకొద్దీ సాధన చేసి ఉంటాడు. సాధన లేనివాడి చేతిలో స్వేచ్ఛ తడబాటవుతుంది. ముఖ్యమైన మూడు మాటలు కాగితం మీద భద్రంగా ఉన్నాయన్న నిబ్బరం ఉంటేనే మనసు ఎదుటివారి ప్రశ్నను పూర్తిగా వినగలుగుతుంది. ఇక నిజంగా తెలియని ప్రశ్న వస్తే, తెలియదని చెప్పి గడువు పెట్టాలి. ‘ఈ సాయంత్రం నాలుగింటిలోగా చూసి రాసి పంపుతాను’ అనాలి. అన్నట్టే పంపాలి. అక్కడికక్కడ తోచింది చెప్పేసి రేపు మాట మార్చేవారికన్నా, సాయంత్రం కచ్చితమైన జవాబు పంపేవారి మాటకు నాలుగు నెలల్లో విలువ పెరుగుతుంది. మంట లేచినప్పుడో, రోగి ప్రాణం మీదికి వచ్చినప్పుడో గడువు అడిగే వీలుండదు, నిజమే. కానీ వారంవారం జరిగే సమీక్షలో నిమిషాల్లో తేల్చి తీరాల్సిన ప్రశ్నలు ఎన్ని ఉంటాయి?

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. లోకం ఎక్కువ మాట్లాడినవారినే నాయకులుగా చూస్తుంది కదా, అర నిమిషం మాటతో ఏమొస్తుంది? ఇది ఊరికే అనే మాట కాదు. బృందాల్లో ఎవరు ఎంతసేపు మాట్లాడారో కొలిచి 2020లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఎక్కువసేపు మాట్లాడినవారినే మిగతావారు నాయకులుగా గుర్తించే ధోరణి కనిపించింది. కాబట్టి మౌనం ఖరీదైనదే, దాన్ని అలంకారంగా పొగుడుకుని లాభం లేదు. అయితే నాయకుడిగా కనబడటం ఒకటి, బృందం బాగా పనిచేయడం ఒకటి. 2010లో ఆనీటా వూలీ, ఆమె సహచరులు సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బృందం తెలివి అందులోని ఒక మేధావి తెలివి మీద అంతగా ఆధారపడదు. మాట్లాడే వంతులు కొద్దిమంది చేతిలోనే ఉండిపోకుండా అందరికీ అందినచోట బృందం మెరుగ్గా పనిచేసింది. కెనడాలో జాన్ జెలెన్‌స్కీ బృందం 2013లో మరో సంగతి చూపించింది. కాసేపు కలుపుగోలుగా మెలగాలంటే తమకు ఎంత ఇబ్బందిగా ఉంటుందోనని అంతర్ముఖులు వేసుకునే అంచనా, నిజంగా అలా మెలిగినప్పుడు కలిగే అనుభవం కన్నా దిగులుగా ఉంటుందట. ముందురోజు రాత్రి భయపెట్టే మీటింగు ఉదయానికి అంత భయంకరంగా ఉండదన్నమాట. రోజంతా వేషం కట్టమని నేననడం లేదు. రోజులో పది నిమిషాలు గొంతు పెంచినంత మాత్రాన ఎవరి స్వభావమూ పాడుకాదు.

అయినా భారమంతా నెమ్మదస్తుల మీదే ఎందుకు వేయాలి, మీటింగులో లోపముంటే దాన్నే సరిచేయాలి కదా అని అడిగేవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మీటింగు పిలిచే పెద్దలు మూడు పనులు చేయవచ్చు, వేటికీ పైసా ఖర్చు లేదు. అజెండా ఒకరోజు ముందుగా ఇవ్వడం మొదటిది. ‘ఇతర విషయాలు’ అని కాకుండా ‘లేబుళ్ల ప్రింటింగు ఎప్పుడు చేయాలి’ అని ప్రశ్న రూపంలో రాస్తే ఆలోచించుకుని వస్తారు. చర్చకు ముందు అయిదు నిమిషాలు అందరినీ నిశ్శబ్దంగా రాయమనడం రెండోది. అమెజాన్ సంస్థలో 2004 నుంచి పెద్దల సమావేశాలను స్లయిడ్లతో కాక, రాసిన పత్రాన్ని అందరూ మౌనంగా చదువుకోవడంతో మొదలుపెట్టే అలవాటు వచ్చింది. అంత పెద్ద వ్యాపారానికి నిశ్శబ్దం అడ్డు రాలేదు. మూడోది, పెద్దవారు చివర మాట్లాడటం. అధికారి తన అభిప్రాయం ముందే చెప్పేస్తే కింది ఉద్యోగి దానికి తలూపుతాడు, నెమ్మదస్తుడైతే తలకూడా ఊపడు. అయితే, మంచి అధికారి వచ్చి మీటింగులు మార్చేదాకా ఊరుకుంటే నష్టపోయేది ఎవరు? వాన ఆగేదాకా ఇంట్లో కూర్చోలేని మనం గొడుగు పట్టుకుని వెళతాం. కాగితం ముక్క అలాంటి గొడుగు. పైకప్పు వేయాల్సిన బాధ్యత పెద్దలది, గొడుగు పట్టుకునే తెలివి మనది.

మీటింగు ముగిశాక తయారీ ముగిసిందనుకోకండి. వచ్చే మీటింగు తయారీ అప్పుడే మొదలవుతుంది. ఇందుకు ఈ పట్టణంలోనే గొప్ప ఆదర్శం ఉంది. ఆనందరంగ పిళ్లై ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర ప్రధాన దుబాసి. ఆయన ఇల్లు ఇప్పటికీ ఇక్కడ ఆయన పేరిట ఉన్న వీధిలో ఉంది. కస్తూరి రంగకవి తెలుగు ఛందో గ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ అంకితం పొందినవాడు ఆయనే. 1736 నుంచి 1761లో మరణించేదాకా, పాతికేళ్ల పాటు తమిళంలో దినచర్య నడిపాడు. గవర్నరు సమక్షంలో ఎవరు ఏమన్నారు, తానేమని బదులిచ్చాడు, ఎవరి మాట వెనక ఏ ఉద్దేశముంది అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది పన్నెండు సంపుటాలైంది. ఆయన నెమ్మదస్తుడో కాదో మనం తేల్చనక్కర్లేదు. రెండు భాషల మధ్య, తనకన్నా బలవంతుల మధ్య రోజూ మాట నెగ్గించుకోవాల్సిన ఉద్యోగం ఆయనది. మన పరిస్థితికి అదే దగ్గర. అంతటి దుబాసి కూడా జ్ఞాపకాన్ని నమ్ముకోలేదు, రాతను నమ్ముకున్నాడు. మీటింగు నుంచి వచ్చిన వెంటనే నాలుగు వాక్యాలు రాసుకోండి. ఏం తేలింది, ఎవరు ఏ పని ఒప్పుకున్నారు, నేను చెప్పింది ఎక్కడ ఆగిపోయింది, ఈసారి ఏం మార్చాలి. అదే సాయంత్రం మీకు సంబంధించిన రెండు వాక్యాలను మీటింగు పిలిచినవారికి పంపండి. మినిట్స్ రాసేవారికి మౌనం నుంచి మీ అభిప్రాయం పోల్చుకోవడం చేతకాదు. మీ రాత అందితే అది అందులోకి ఎక్కుతుంది.

ఇదంతా పదోన్నతి కోసమే అయితే నేను ఇంతసేపు మాట్లాడేవాడిని కాదు. మళ్లీ ఆ ఫ్యాక్టరీ దగ్గరికి వెళదాం. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు లేబుళ్లు వస్తే, వాటిని అంటించి, పెట్టెలు మోసి, లారీకి ఎక్కించి బయటపడేసరికి లోడింగ్ కూలీలకు రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. ఊరికి చివరి బస్సు దొరుకుతుందో లేదో తెలియదు. ఇంటి దగ్గర పిల్లలు నిద్రపోయి ఉంటారు. వాళ్లను ఏ మీటింగుకూ ఎవరూ పిలవరు. వాళ్ల తరఫున ఆ గదిలో ఉన్నది గేటు రిజిస్టరు చూసిన ఆ ఒక్క మనిషే. ఆమె ఎల్లుండి ఉదయం సగం మడిచిన కాగితం తీసి, చూసి చదివినా సరే, గొంతు కొంచెం వణికినా సరే, లేబుళ్లు గురువారానికే పూర్తి కావాలి అన్న ఒక్క వాక్యం పలికితే, వచ్చే శుక్రవారం వాళ్లు వెలుతురుండగానే గేటు దాటుతారు. మీ చేతిలోనూ అలాంటి వాక్యం ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రే రాసిపెట్టుకోండి.